బఠానీ మడిలో రెండో రబీ

అక్టోబర్ చివరి వారం, వారణాసి

విత్తనాల సంచులు బయటికి తీశాం. అరవై పైచిలుకు రకాలు. పోయిన రబీలో ఒక్కో రకానికి గుప్పెడు గింజలే ఉన్నాయి. ఆ ఏడాదంతా విత్తనం పెంచుకోవడంతోనే గడిచింది. పోలిక కోసం ఉంచుకునే చెక్ రకాలను ప్రతి బ్లాకులోనూ వేసి, మిగతా వాటిని ఒక్కోసారి మాత్రమే వేసే ఆగ్‌మెంటెడ్ డిజైన్‌తో సరిపెట్టాం. ఈసారి అన్నిటికీ మూడు రెప్లికేషన్లకు, అంటే ఒక్కో రకాన్ని మూడు చోట్ల వేయడానికి, సరిపడా విత్తనం ఉంది. అసలు కొలతలు ఇప్పుడే మొదలు.

ప్రాజెక్టు పేరు కాగితం మీద చాలా పొడుగ్గా ఉంటుంది. విషయం మాత్రం చిన్నదే: పచ్చి బఠానీలో కొత్త వంగడం కావాలంటే దేన్ని దేనితో సంకరం చేయాలి? మన దేశంలో సాగయ్యే కూరగాయ బఠానీల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూ పోతే ఆర్కెల్, బొన్నెవిల్లే అనే రెండు పేర్లు పదేపదే తగులుతాయి. మొదటిది యూరప్ నుంచి, రెండోది అమెరికా నుంచి తెచ్చుకున్నవి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా అజిత్‌లోనూ బొన్నెవిల్లే రక్తం ఉంది. వంగడాలకు వంశవృక్షం గీస్తే తరతరాలుగా మేనరికాలు చేసుకున్న ఇల్లులా కనిపిస్తుంది. దిగుబడి ఒకచోట ఆగిపోయిందంటే, ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పడకేస్తున్నాయంటే ఇదొక కారణం.

సంచుల్లో ఏమున్నాయంటే: ఆర్కెల్, బొన్నెవిల్లే, కాశీ నందిని, కాశీ ఉదయ్, కాశీ ముక్తి, కాశీ శక్తి, అర్కా అజిత్, పంజాబ్-89, పాలం ప్రియ లాంటి విడుదలైన వంగడాలు. ఢిల్లీలోని జాతీయ జన్యువనరుల బ్యూరో నుంచి వచ్చిన విదేశీ రకాలు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ రైతులు ఇళ్ళలో దాచుకునే విత్తనం. తొక్కతో సహా తినే రకాలు కొన్ని. పప్పు కోసం పండించే ఎండు బఠానీ కొన్ని. చివరగా రెండు అడవి బఠానీలు, ఎలాటియస్ అనే ఉపజాతివి. గింజ మిరియం కన్నా కాస్త పెద్దది, గోధుమ రంగు మీద మచ్చలు, రాయంత గట్టిగా ఉంది.

నా జూనియర్ ఈ ఏడాదే బాపట్ల నుంచి వచ్చాడు. సంచులన్నీ చూసి, "అక్కా, సగం గింజలు ఎండి ముడుచుకుపోయాయి. ఇవి మొలుస్తాయా?" అన్నాడు. ముడత పడ్డవే కూర బఠానీలు, గుండ్రంగా నున్నగా ఉన్నవి పప్పు బఠానీలు అని చెప్పాను. ముడతకు కారణమైన జన్యువు మెండెల్ లెక్కపెట్టిందే. పిండిపదార్థంలో కొమ్మలు వేసే ఎంజైమ్ తయారీకి అవసరమైన జన్యువులో పరాయి డీఎన్ఏ ముక్క ఒకటి దూరింది. ఆ సంగతి 1990లో తేలింది. ఎంజైమ్ లేకపోతే పిండి తగ్గుతుంది, చక్కెర మిగులుతుంది. చక్కెర ఎక్కువున్న గింజ నీటిని ఎక్కువ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండేటప్పుడు తొక్క వదులై ముడత పడుతుంది. తీపికీ ముడతకూ మూలం ఒకటే.

అతనికి నమ్మకం కుదరడానికి రెండు గింజలు గీకి, ఆ పొడి మీద అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూపించాను. గుండ్రటి గింజ పిండి రేణువులు కోడిగుడ్డు ఆకారంలో నిండుగా ఉన్నాయి. ముడత గింజవి పగుళ్ళతో, నాలుగైదు ముక్కలు అతికించినట్టున్నాయి. మధ్యాహ్నమంతా అతను మైక్రోస్కోపు వదల్లేదు. సంచుల మీద చీటీలు అతికించే పని నాకే మిగిలింది.

నవంబర్ మొదటి వారం

విత్తేశాం. సాళ్ళ మధ్య 45 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. ముందస్తు పొట్టి రకాలకు ఇంత ఎడం అక్కర్లేదు, రైతులు 30 సెం.మీ. ఎడమే ఇస్తారు. కానీ పోలిక చూడాలంటే అన్నిటికీ ఒకే కొలత ఉండాలి. పొట్టి రకాలకు మొక్కకు కాయలు కొంచెం ఎక్కువ కనిపిస్తాయని పుస్తకంలో రాసి పెట్టుకున్నాను, లెక్కలప్పుడు గుర్తుండాలి.

అడవి రకాల గింజలకు బ్లేడుతో గాటు పెట్టాం. వాటి తొక్క నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో అన్ని గింజలూ ఒకే ఏడు మొలిస్తే ఒక్క కరువుకే వంశం తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి అదొక జాగ్రత్త. పదివేల ఏళ్ళ క్రితం పశ్చిమాసియాలో మనిషి బఠానీని మచ్చిక చేసుకున్నప్పుడు ముందుగా పోగొట్టినవి ఈ గట్టి తొక్క, కాయ పగిలే గుణం. గాటు బొడ్డుకు ఎదురుగా పెట్టాలి, బొడ్డు దగ్గర పెడితే మొలక తెగుతుంది.

ముడత గింజలకు శిలీంధ్రనాశిని పట్టించడం తప్పనిసరి. నానినప్పుడు వాటి నుంచి చక్కెర మట్టిలోకి కారుతుంది, ఆ రుచికి బూజులు చేరతాయి. చల్లటి తడి నేలలో గుండ్రటి వాటికన్నా ముడతవి ఎక్కువగా కుళ్ళేది ఇందుకే.

నవంబర్ మూడో వారం

మొలకలు లెక్కపెట్టాం. గుండ్రటివి దాదాపు అన్నీ లేచాయి. రైతుల రకాల్లో రెండు మూడు మడులు చూస్తే ఒక సంచిలో ఒకే రకం లేదని తెలిసిపోతోంది. కొన్ని మొక్కలకు ఆకు మొదట్లో ఊదా ఉంగరం ఉంది, పక్కవాటికి లేదు. ఊదా ఉంగరం ఉంటే ఊదా పువ్వు వస్తుంది. పువ్వు దాకా ఆగకుండా ఇప్పుడే వేరు చేయవచ్చు.

ఇది చిన్న విషయం కాదు. రకానికీ రకానికీ తేడా కొలవబోయే ముందు, ఒకే సంచి లోపల ఎంత తేడా ఉందో తెలియాలి. మెండెల్ సంకరాలు మొదలుపెట్టే ముందు విత్తనాల వ్యాపారుల దగ్గర కొన్న 34 రకాలను రెండేళ్ళు పండించి, నిలకడగా ఉన్నవి ఏవో చూసుకుని 22 మాత్రమే ఉంచుకున్నాడు. ఆయన గురించి పాఠాల్లో 3:1 నిష్పత్తి చెబుతారు గానీ, నా దృష్టిలో ఆ రెండేళ్ళ ఓపికే అసలు పని. కలగాపులగం ఉన్న సంచులను మేం పోయిన ఏడే ఒంటి మొక్కల వారీగా విడదీయడం మొదలుపెట్టాం. ఇంకా మిగిలినవి ఈ ఏడు పూర్తవ్వాలి. విడదీస్తే ఒక రైతు సంచి నుంచి రెండు మూడు వరసలు వస్తాయి. ఆ రైతు దృష్టిలో అది ఒకే రకం, అలాగే బాగుందని దాచుకున్నాడు. లెక్క కోసం విడదీస్తున్నాం కాబట్టి, విడదీయని అసలు విత్తనాన్ని కూడా చల్లటి గదిలో భద్రపరిచాం.

డిసెంబర్

డీఎన్ఏ పని. లేత ఆకులు, కొసన ఇంకా విచ్చుకోనివి, ఐసు మీద పెట్టి తెచ్చాం. ముదిరిన ఆకు తెస్తే జిగురు పదార్థాలు డీఎన్ఏతో పాటే వచ్చి ట్యూబు అడుగున జిగట ముద్దలా దిగుతాయి. ఆ తర్వాత డీఎన్ఏ ముక్కలకు నకళ్ళు తీసే పీసీఆర్ పనిచేయదు.

పద్ధతి పాతదే, సీట్యాబ్ అనే సబ్బు లాంటి రసాయనంతో డీఎన్ఏ తీయడం: 2 శాతం సీట్యాబ్, 1.4 మోలార్ ఉప్పు, ట్రిస్, ఈడీటీఏ, పీహెచ్ 8. 65 డిగ్రీల నీళ్ళలో ఉంచి, క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 పాళ్ళలో కలిపి తిప్పి, పైన తేరిన నీటిని తీసుకుని ఐసోప్రొపనాల్‌తో దింపడం. ఉప్పు అంత ఎక్కువ వేయడం ఆ జిగురు పదార్థాలు నీటిలోనే ఉండిపోవడానికి. కొన్ని వరసలకు గోధుమ రంగు వచ్చింది. వాటికి బఫర్‌లో ఆ రంగు తెచ్చే పదార్థాలను పట్టుకునే పీవీపీ కలిపి మళ్ళీ చేశాం, తెల్లగా దిగింది. డీఎన్ఏ ఎంత శుద్ధంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర వచ్చిన వాటినే ముందుకు పంపుతున్నాం.

బఠానీ జన్యుపటం పెద్దది. ఏడు జతల క్రోమోజోములే అయినా దాదాపు 445 కోట్ల అక్షరాలు, మనిషి జన్యుపటం కన్నా ఎక్కువ. అందులో ఎక్కువ భాగం తమను తామే నకలు చేసుకుంటూ పెరిగిన రెట్రోట్రాన్స్‌పోజాన్లు. అందుకే మొదటి సూచన జన్యుపటం రావడానికి 2019 దాకా పట్టింది. అది కామెయోర్ అనే ఫ్రెంచి వంగడంది. 2022లో చైనా వాళ్ళు జోంగ్‌వాన్-6 వంగడంతో మరొకటి ఇచ్చారు.

మొత్తం చదివించే డబ్బు మా ప్రాజెక్టులో లేదు. ఎస్ఎస్ఆర్ మార్కర్లతోనే చేస్తున్నాం. రెండు మూడు అక్షరాలు పదేపదే వచ్చే చోట్ల ఆ వరుస పొడవు రకానికో తీరుగా ఉంటుంది. దాన్ని జెల్ మీద గీతలుగా చూడటం. పాత పద్ధతి అని ఢిల్లీ నుంచి వచ్చిన మిత్రుడొకరు పెదవి విరిచాడు. ఏడు క్రోమోజోముల మీదా సమానంగా పరచుకున్న మార్కర్లు తీసుకుంటే, ఈ పరిమాణంలో ఉన్న సేకరణకు అవి చేసే పని తక్కువేం కాదు.

జనవరి మొదటి వారం

మంచు. ఉదయం పదింటి దాకా పక్క మడి కనిపించదు. ముందస్తు రకాలు పూతకొచ్చాయి. ఎన్నో రోజున పూసిందో రాసుకోవడం కన్నా ఎన్నో కణుపు దగ్గర పూసిందో రాసుకోవడం మేలని ఈ రెండేళ్ళలో నాకు అర్థమైంది. రోజులు చలిని బట్టి మారతాయి, కణుపు సంఖ్య అంతగా మారదు. అడవి రకాలు పూతకు ఎక్కడో ఫిబ్రవరిలో గానీ రావు. పగలు పొడుగైతే గాని వాటికి పూత పట్టదు.

చూడదగ్గవి రెండు. ఒక విదేశీ రకానికి ఆకులే లేవు, ఉన్నవన్నీ నులితీగలు. ఆకుపత్రాల చోట నులితీగలు తెచ్చే అఫిలా అనే మార్పు అది. మొక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, పడిపోవు, గాలి ఆడుతుంది. రెండోది, కణుపుకు మూడు పూలు పూసే వరస. మామూలుగా బఠానీకి కణుపుకు ఒకటో రెండో పూలు. మూడో పువ్వు కాయగా నిలుస్తుందా, రాలిపోతుందా అన్నదే ప్రశ్న. చలి తగ్గని రోజుల్లో నిలుస్తోంది.

సంకరాలు కూడా ఈ వారమే మొదలెట్టాం. లెక్కలన్నీ తేలేదాకా ఆగితే పూత అయిపోతుంది కాబట్టి, పోయిన ఏటి కొలతల మీద జంటలు ఎంచాం. బఠానీ పువ్వు విచ్చుకునే లోపే పుప్పొడి రాలి తన పని తను చేసుకుపోతుంది. అందుకని రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే పట్టుకోవాలి: రక్షకపత్రాలను దాటి తెల్లటి రేకు కొద్దిగా తొంగిచూస్తూ ఉండాలి, లోపల కేసరాలు ఇంకా ఆకుపచ్చగా ఉండాలి. పసుపు తిరిగితే వదిలేయడమే. కింది రేకును గోటితో చీల్చి, పది కేసరాలనూ చిమటాతో లాగేసి, తండ్రి పువ్వు కీలాగ్రాన్నే కుంచెలా పట్టుకుని పుప్పొడి రాయడం. మడిలో పనిచేసే చాచాకు అరవై దాటాయి, కళ్ళద్దాలు లేవు. ఆయన చేసిన మొగ్గల్లో కాయ పట్టినన్ని మా ఇద్దరివీ కలిపినా పట్టలేదు. "బిటియా, గట్టిగా పట్టుకోకు" అంటాడు. అంతకు మించి ఏం చెప్పడు.

తల్లిగా తెల్ల పువ్వు రకం, తండ్రిగా ఊదా పువ్వు రకం ఉన్న చోట పని తేలిక. ఊదా రంగు ప్రబలం కాబట్టి, వచ్చే తరంలో ఊదా పువ్వు పూస్తే సంకరం అయినట్టు, తెలుపు పూస్తే తనంతట తనే ఫలదీకరణ చేసుకున్నట్టు. రెండూ తెల్లవే అయినప్పుడు మార్కర్‌తో చూసుకోవాలి.

జనవరి చివర

పచ్చి కాయల కోత. ఒక్కో మడి నుంచి గుర్తుపెట్టిన మొక్కల కాయలు కోసి పొడవు, వెడల్పు, కాయకు గింజలు, పది కాయల బరువు, ఒలుపు శాతం. 100 కిలోల కాయలు ఒలిస్తే 45 నుంచి 50 కిలోల గింజ వచ్చే రకాన్ని మంచిదంటారు. పొడుగు కాయ చూసి మురిసిపోతాం గానీ కొన్నిట్లో సగం గాలే.

తీపి కొలవడం మాత్రం ఆపద. గింజలు నూరి, రసం వడగట్టి రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేస్తే బ్రిక్స్, అంటే రసంలో తీపి పాలు, చెబుతుంది. కానీ కోసిన క్షణం నుంచే గింజలో చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. పొద్దున కోసినదాన్ని సాయంత్రం కొలిస్తే కొలిచేది రకాన్ని కాదు, ఆలస్యాన్ని. అందుకని మడి గట్టు మీదే బల్ల వేసి, కోసినవి కోసినట్టే కొలిచాం. ఇంకో చిక్కు ముదురు. ఒకే రకంలో నాలుగు రోజుల తేడాతో తీపి మారిపోతుంది. పూత రోజు దారం కట్టి, అన్నిటికీ పూత నుంచి ఒకే వయసున్న కాయలే తీసుకున్నాం.

కొలతకు పనికిరాని గింజలు హాస్టల్ వంటింటికి వెళ్ళాయి. ఇక్కడ చలికాలంలో పచ్చి బఠానీ ముద్ద చేసి నిమోనా వండుతారు, అటుకులతో చూడా మటర్ చేస్తారు. చూడా మటర్ తిన్నాక మనవైపు శీతలపెట్టెలో రాళ్ళలా దొరికే బఠానీ మీద మనసు విరిగిపోతుంది. మన దగ్గర చలి కొద్దిరోజులే. 13 నుంచి 18 డిగ్రీల మధ్య హాయిగా పెరిగే పంటకు, 30 దాటితే పూత రాల్చేసే పంటకు తెలుగు మైదానాల్లో దక్కే గడువు చిన్నది. త్వరగా కాపుకొచ్చి వేడిని కాస్త ఓర్చుకునే రకం ఇక్కడి గంగా మైదానం వాళ్ళకూ కావాలి. ఫిబ్రవరి ఇక్కడ కూడా వేడెక్కుతోంది.

ఫిబ్రవరి మధ్య

బూడిద తెగులు వచ్చింది. రావాలనే ఎదురుచూశాం. పగళ్ళు పొడిగా, రాత్రులు చల్లగా, తెల్లవారి మంచు పడితే దానికి పండగ. ఈ మడికి గంధకం చల్లలేదు. తెగులు బాగా పట్టే రకాన్ని ప్రతి బ్లాకు చుట్టూ వేశాం, అక్కణ్ణుంచి అంతటా సమానంగా పాకేలా.

వారంలో మడి రంగు మారింది. ఆర్కెల్ తెల్లటి పిండి చల్లినట్టయింది. అర్కా అజిత్ పచ్చగా నిలబడింది. విదేశీ రకాల్లో ఒక వరస, మడి 41, మచ్చ కూడా లేకుండా ఉంది. తెగుళ్ళు చూసే సార్ వచ్చి, ఆకు తిప్పి అడుగు కూడా చూసి, ఇంకా ఎదురుచూద్దాం అన్నారు.

ఈ నిరోధకత వెనక ఎక్కువగా ఉండేది ఈఆర్-1 అనే జన్యువు. పెరూ బఠానీల్లో ఈ గుణం ఉందని 1948లోనే రాశారు. 2011లో దాని గుట్టు తెలిసింది: అది కొత్తగా వచ్చిన ఆయుధం కాదు, ఉన్న తలుపు ఒకటి లేకపోవడం. బూజు లోపలికి దిగడానికి వాడుకునే ఎమ్ఎల్ఓ రకం ప్రొటీన్ పాడైపోతే బూజుకు దారి దొరకదు. బార్లీలోనూ ఇలాంటిదే దశాబ్దాలుగా నిలబడింది. పాడైన జన్యువు కాబట్టి ఇది అంతర్గత లక్షణం. రెండు వైపుల నుంచీ వస్తేనే పనిచేస్తుంది. సంకరం చేసిన మొదటి తరంలో మళ్ళీ తెగులు పడుతుంది, దాన్ని చూసి కంగారుపడి పారేయకూడదు. జూనియర్ నోటుపుస్తకంలో ఈ ముక్క ఎర్ర సిరాతో రాయించాను.

తుప్పు తెగులు వేరే కథ. తూర్పు ఉత్తరప్రదేశ్‌లో ఫిబ్రవరి నుంచి అదీ వస్తుంది. దానికి పూర్తి నిరోధకత మా మడిలో ఎవరికీ లేదు. కొన్నిట్లో నెమ్మదిగా పాకుతోంది, అంతే. నెమ్మదిగా పాకడాన్ని కూడా వారం వారం కొలిచి రాస్తున్నాం.

మార్చి మొదటి వారం

అడవి రకాల కాయలకు గుడ్డ సంచులు కట్టాం. ఎండ తగిలితే కాయ టప్పున పగిలి రెండు తొక్కలూ మెలి తిరుగుతాయి, గింజలు మడి అవతల పడతాయి. కట్టని చోట ఏరుకోవడం అయ్యే పని కాదు.

జెల్స్ చదవడం పూర్తయింది. బఠానీ తనంతట తనే ఫలదీకరణ చేసుకునే పంట కాబట్టి ఒక్కో వరసకు ఒక్కో చోట ఒకే గీత రావాలి. రెండు గీతలు వస్తే సంచి కలగాపులగం అన్నమాట. నవంబర్‌లో ఊదా ఉంగరాలు చూసి అనుమానపడిన మడులు ఇక్కడ మళ్ళీ దొరికాయి.

ప్రతి మార్కర్‌కు పీఐసీ, అంటే అది రకాలను ఎంత బాగా వేరుచేసి చూపగలదో చెప్పే సంఖ్య, లెక్క కట్టాం. అందరూ కడతారు, థీసిస్‌లో పట్టిక ఉండాలి. కానీ ఈ సంఖ్యను ఎలా చదవాలన్న దాని మీద నాకు పేచీ ఉంది. రెండే రూపాలున్న మార్కర్, అవి సగం సగం ఉంటే పీఐసీ 0.375 వస్తుంది. రెండు రూపాలతో అంతకు మించి రాదు. అదే ఒక రూపం 95 శాతం రకాల్లో, రెండోది 5 శాతంలో ఉంటే పీఐసీ 0.09. దీన్ని 'పనికిరాని మార్కర్' అని కొట్టేస్తారు. రకాలను వేరుచేసి చూపడానికి అది నిజమే. కానీ వంగడాలు తయారుచేసే వాళ్ళు ఆ 5 శాతం కోసమే తిరుగుతారు. తెగులుకు లొంగని ఈఆర్-1 రూపం ఇలాంటి సేకరణల్లో ఎప్పుడూ అరుదే. సగటు వైవిధ్యం ఎంత పెరిగినా ఆ ఒక్క రూపం లేకపోతే మనకేం లాభం? అందుకని పట్టికలో ఇంకో వరుస చేర్చాను: రెండు మూడు రకాల్లోనే కనిపించిన రూపాలు ఏవి, అవి ఎవరి దగ్గర ఉన్నాయి. ఎక్కువ భాగం అడవి రకాల్లోనూ రైతుల సంచుల్లోనూ ఉన్నాయి. విడుదలైన వంగడాలన్నీ ఒకదాని పక్కన ఒకటి గుమికూడాయి.

మార్చి మూడో వారం

పొలం కొలతలతో రకాల మధ్య దూరం చెప్పే డీ-స్క్వేర్ కట్టాను. 1936లో మహలనోబిస్ ఇచ్చిన కొలత ఇది, మనుషుల దేహ కొలతలతో జాతుల మధ్య దూరం చూడబోయి పుట్టింది. అందులోని అందం ఒక్కటే: ఒకదానితో ఒకటి ముడిపడ్డ లక్షణాలను రెండుసార్లు లెక్కించదు. కాయ పొడుగైతే గింజలూ ఎక్కువుంటాయి. రెండిటినీ విడివిడిగా కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్టు. డీ-స్క్వేర్ ఆ ముడి విప్పి కొలుస్తుంది. ఈ దూరాలతో గుంపులు కట్టే టోచర్ పద్ధతిని తన 1952 పుస్తకంలో వివరించింది కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో కలకత్తా వెళ్ళి మహలనోబిస్ దగ్గర చేరిన మన సి.ఆర్.రావు. కంప్యూటర్ ఇప్పుడు క్షణంలో చేసేదాన్ని ఆ రోజుల్లో చేత్తో తిప్పే లెక్క యంత్రాల మీద చేశారు. దేశంలో ఏ వ్యవసాయ కళాశాలకు వెళ్ళినా వైవిధ్యం మీద రాసిన థీసిస్‌లో ఈ పద్ధతి కనిపిస్తుంది. ఎవరు ఇచ్చారో చెప్పమంటే మాత్రం నోళ్ళు పెగలవు.

గుంపులు వచ్చాయి. ఒక పెద్ద గుంపు, రెండు మధ్యస్థం, కొన్ని ఒంటరివి. మార్కర్ల తేడాలతో గీసిన చుట్టరికాల చెట్టును, అంటే డీఎన్ఏ చెట్టును, పక్కన పెట్టి చూశాను. రెండూ కలవలేదు. రెండు దూరాల పట్టికలను పోల్చే మాంటెల్ పరీక్షలోనూ బంధం బలహీనంగానే వచ్చింది.

జూనియర్ ముఖం వేలాడేశాడు. "అక్కా, ఏది నిజం?"

ఏ లక్షణం వల్ల ఎంత దూరం వచ్చిందో విడదీసి చూశాం. ఎక్కువ వాటా మొక్క ఎత్తుదే. పొడుగు, పొట్టి అన్న తేడా మెండెల్ చూసిన ఏడింట్లో ఒకటి. మొక్కను పొడుగు పెంచే జిబ్బెరెల్లిన్ అనే హార్మోన్ తయారీలో చివరి మెట్టు ఎక్కించే ఎంజైమ్ జన్యువు ఒక్కటి దీన్ని శాసిస్తుంది. అంటే డీ-స్క్వేర్ మాకు చూపించిన మహా దూరం చాలావరకు ఒకే ఒక జన్యువు దూరం. ఎత్తు తీసేసి మళ్ళీ కట్టాం. గుంపులు చెదిరి కొత్తగా కుదురుకున్నాయి. అప్పటిదాకా వేరే గుంపులో ఉన్న పొడుగు రైతు రకమొకటి వచ్చి కాశీ రకాల పక్కన కూర్చుంది. మళ్ళీ పోల్చితే డీఎన్ఏ చెట్టుతో పొంతన కొంత పెరిగింది, పూర్తిగా కాదు.

పూర్తిగా కలవాలని కోరుకోవడంలోనే తిరకాసు ఉంది. మా ఎస్ఎస్ఆర్ మార్కర్లలో చాలావరకు ఏ పనీ చేయని చోట్లలో ఉన్నాయి. అవి చెప్పేది చుట్టరికం. డీ-స్క్వేర్ చెప్పేది, మనిషి ఎంచి ఎంచి మార్చిన లక్షణాల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది. మడి 23 చూడండి: చూడటానికి అచ్చం ఆర్కెల్, పొట్టి, ముందస్తు, ఒకే గుంపులో పడింది. డీఎన్ఏలో ఆర్కెల్‌కు చాలా దూరం. మధ్యప్రదేశ్ రైతు సంచి అది. ముందస్తుతనం దానికి వేరే దారిలో వచ్చి ఉండవచ్చు. ఆర్కెల్‌తో కలిపితే రెండు దారులూ కలిసి ఇంకా ముందుగా పూసేవి విడిపోయి రావచ్చు. డీ-స్క్వేర్ ఒక్కదాన్నే నమ్మి 'ఒకే గుంపు, సంకరం దండగ' అనుకుంటే దాన్ని పోగొట్టుకునేవాళ్ళం.

మరోవైపు, రెండు కొలతల్లోనూ అందరికన్నా దూరం అడవి ఎలాటియస్. పుస్తకం ప్రకారం దూరం ఎక్కువైతే సంకరంలో లాభం ఎక్కువ. మడిలో చూస్తే పగిలే కాయ, రాతి గింజ, ఆలస్యం, వగరు. ఒకసారి కలిపితే ఇవన్నీ పోగొట్టుకోవడానికి సాగు రకంతోనే మళ్ళీ మళ్ళీ కలపాలి, అంటే బ్యాక్‌క్రాస్‌ల మీద బ్యాక్‌క్రాస్‌లు. మా ప్రాజెక్టు గడువుకు అది లొంగదు. కాబట్టి అడవి రకాలకు ఒకే ఒక సంకరం, అదీ తెగుళ్ళ సార్ అడిగారని. ఎంత దూరంలో ఉందో కాదు, ఏ లక్షణంలో దూరంగా ఉందో చూసి జంటలు కట్టాలని మా గైడ్ గారితో వాదించాను. ఆయన ఒప్పుకున్నారు, థీసిస్‌లో మాత్రం రెండు చెట్లూ పెట్టమన్నారు.

ఇంకో తాజా సంగతి ఇక్కడే రాసుకుంటాను. మెండెల్ ఏడు లక్షణాల్లో కాయ రంగు, కాయ ఆకారం, పూల స్థానం అనే మూడింటి జన్యువులు చాలాకాలం తేలలేదు. 2025లో తేలాయి. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్, చైనా శాస్త్రవేత్తలు కలిసి దాదాపు 700 బఠానీ రకాల జన్యుపటాలు చదివి పట్టుకున్నారు. 160 ఏళ్ళ నాటి ప్రశ్నకు జవాబు దొరికిందంటే విత్తనాల సేకరణను ఎవరో ఓపిగ్గా తరాలపాటు కాపాడటం వల్లే. ఆ సమాచారం అందరికీ తెరిచే ఉంది. మా దగ్గరున్న రకాలకు దగ్గరివి అందులో ఏమున్నాయో వెతకడం జూనియర్‌కు అప్పగించాను.

ఏప్రిల్ మొదటి వారం

కోతలయ్యాయి. నూర్చి, ఆరబెట్టి, తేమ తగ్గాక కవర్లలోకి. ఎండు గింజల కొలతలు: నూరు గింజల బరువు, బొడ్డు రంగు, తొక్క మీద మచ్చలు, లోపలి పప్పు పచ్చనా పసుపా.

సంకర కాయల్లో మూడు నుంచి ఆరు గింజలు. చేతికొచ్చినవి ఇవి, మొదటి పేరు తల్లిది: ఆర్కెల్ మీద మడి 23, ముందస్తు కోసం. కాశీ ఉదయ్ మీద మడి 41, బూడిద తెగులు కోసం. 41 ఆఖరి దాకా మచ్చ లేకుండా నిలబడింది. కాశీ నందిని మీద మూడు పూల వరస. బొన్నెవిల్లే మీద నులితీగల రకం. ఆర్కెల్ మీద ఎలాటియస్, సార్ కోరినది. మడి 41ని మూడు పూల వరసతో కూడా కలిపాం గానీ కాయ పట్టలేదు, వచ్చే రబీలో మళ్ళీ.

మొదటి తరాన్ని వచ్చే నవంబర్ దాకా కూర్చోబెడితే ఏడాది పోతుంది. హిమాచల్‌లో లాహౌల్ లోయలో వేసవి మనకు రబీ లాంటిదే, రైతులు అక్కడ వేసవిలోనే బఠానీ పండిస్తారు. సగం గింజలు అక్కడికి పంపుతున్నాం, సగం ఇక్కడే చల్లటి గదిలో. ఎలాటియస్ సంకరంలో ఊదా పువ్వు చూసి పట్టుకోవచ్చు. మిగతావన్నీ తెల్ల పువ్వు జంటలు కాబట్టి మొలకెత్తగానే ఆకులు కోసి మార్కర్‌తో చూడాలి. ఏ జంటకు ఏ మార్కర్ తేడా చూపిస్తుందో పట్టిక రాసి కవర్ల మీదే అంటించాం. కాశీ ఉదయ్, మడి 41 జంటకు మాత్రం రెండు మార్కర్లే పనికొస్తున్నాయి, అందులో ఒకటి జెల్ మీద మసకగా వస్తుంది. దానికి ఇంకో మార్కర్ వెతకాలి.